ఆ రోజు మీకు తెలుసా

“ఒక్క మాటమ్మా. ఒకే ఒక్క మాట. ‘తెలియదు’ అన్నావంటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?”

కొడుకు అరచేత్తో బల్ల మీద కొట్టాడు. దుప్పట్లు మడతపెట్టే పొడుగాటి బల్ల అది. మొన్నమొన్నటిదాకా దాని మీద హోటలు దుప్పట్లు ఛాతీ ఎత్తున పేరుకుని ఉండేవి. ఎంత గట్టిగా కొట్టినా చప్పుడయ్యేది కాదు. ఇవాళ లాండ్రీ అంతా మోగింది.

తల్లి ఉలిక్కిపడలేదు. చేతిలో ఉన్న కోటు జేబులు తిరగేసి చూసి, చీటీ చదివి, మడతపెట్టి ఎడమవైపు గుట్టలో వేసింది. రేపు పొద్దున దివాలా లెక్క తేల్చే రిసీవరు ముందు కూర్చోవాలి. ఈలోగా జనం బట్టలు జనానికి చేరిపోవాలని ఆమె పట్టుదల. యంత్రాలు పోతే పోయాయిగానీ, ఎవరి చొక్కానో తన ఆస్తి లెక్కలో పడితే ఊరుకునే మనిషి కాదు.

“నిన్నే అడుగుతున్నది.”

“వినబడుతోందిరా. బాయిలరు ఆగిపోయాక నా చెవులు బాగా పనిచేస్తున్నాయి.”

ఈవిడ్ని వీధంతా ఆవిరమ్మ అంటుంది. ఈ చుట్టుపక్కల లాండ్రీలో ఆవిరి బాయిలరు పెట్టిన మొదటి మనిషి. ఇంట్లో ఆ పేరు ఎవరూ పైకి అనరు. కోడలు మాత్రం మనసులో ఎప్పుడూ ఆ పేరుతోనే తలుచుకుంటుంది. ఇప్పుడూ అలాగే తలుచుకుంటూ, గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని, ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తోంది.

లాయరమ్మ అప్పుడే వెళ్ళింది. ఆమె తాగి వదిలేసిన సగం గ్లాసు మంచినీళ్ళు బల్ల మీద అలాగే ఉన్నాయి. వెళ్తూ వెళ్తూ ఆమె విప్పి చెప్పిన సంగతే ఇంట్లో ఇంత గొడవకి మూలం.

దివాలా పిటిషన్లో ఆవిరమ్మ అన్నీ రాయించింది. ఉన్న యంత్రాలు, ఉన్న అప్పులు, ఈ మధ్య ఎవరికి ఏం చెల్లించిందీ ఒక్కటి వదలకుండా. అందులో వియ్యపురాలి పేరూ ఉంది. పోయినేడు బాయిలరు మొరాయించినప్పుడు కోడలి తల్లి తన రిటైర్మెంటు డబ్బు తెచ్చి అప్పిచ్చింది. ఆ బాకీని ఆవిరమ్మ మూడు నెలల కిందట పైసాతో సహా తీర్చేసింది. మిగతావాళ్ళెవరికీ తీర్చలేదు.

“అందరికీ ఇవ్వలేనని తెలిసి కూడా ఒకరికే ఇచ్చారంటే, అది మిగతావాళ్ళకి అన్యాయం కింద లెక్క,” అంది లాయరమ్మ. “రిసీవరు ఆ డబ్బు వెనక్కి తెప్పించి అందరికీ పంచుతారు. తెలియక ఇచ్చారంటే ముట్టుకోరు. కాబట్టి రేపు ఆయన మిమ్మల్ని గట్టిగా అడిగేది ఒకటే. ఆ రోజు మీకు తెలుసా అని.”

“ఏం చెప్పమంటారు?” అన్నాడు కొడుకు.

“నిజం చెప్పమంటాను. అదేమిటో నాకు తెలియదు, ఆవిడకి తెలుసు,” అని లాయరమ్మ చెప్పులేసుకుంది.

అప్పట్నుంచీ కొడుకు గదిలో తిరుగుతూనే ఉన్నాడు. చెడ్డవాడు కాదు. తెల్లారగట్లే లేచి హోటళ్ళకి బట్టల వ్యాను తోలిన వాడు. ఆ వ్యాను కూడా రేపటి లెక్కలో ఉంది.

“ఆ డబ్బు ఇప్పుడెక్కడుందో నీకు తెలుసా అమ్మా? అత్తయ్యగారి ఇంటి కప్పులో ఉంది. ఉన్నదంతా పెట్టి శ్లాబు వేయించుకుంది ఆవిడ. రేపు నువ్వు ‘తెలుసు’ అంటే, రిసీవరు వెళ్ళి ఆ కప్పు పీకుతాడా?”

“కప్పు ఎవరూ పీకరు. డబ్బు అడుగుతారు.”

“డబ్బే కప్పు అయిపోయిందని చెబుతున్నాను కదా.”

ఆవిరమ్మ ఒక పిల్లవాడి నిక్కరు తీసి వెలుతురుకి పెట్టి చూసింది.

“చేతికిచ్చిన డబ్బు. బ్యాంకులో జాడ లేదు. నీ అంతట నువ్వు రాయించకపోతే ఎవడికీ తెలిసేది కాదు. సరే, రాయించావు. కనీసం ఈ ఒక్క మాటైనా... నీ మనసులో ఆ రోజు ఏముందో ఎవడు చూడొచ్చాడు?” కొడుకు భార్య వైపు తిరిగాడు. “నువ్వైనా చెప్పవేం? మీ అమ్మ సంగతే కదా ఇది.”

కోడలు చీపురు గోడకి ఆనించింది.

ఆ రోజు ఆవిరమ్మ మనసులో ఏముందో ఆమె చూసింది. లోకంలో చూసింది ఆమె ఒక్కతే. పొద్దున్నే ఫోను మోగితే ఎత్తి అత్తగారి చేతికిచ్చింది తనే. హోటలు మేనేజరు. “అంటే మీరిచ్చే పని మొత్తం ఆగిపోయినట్టేనా?” అని అడిగి, అవతల చెప్పింది విని, అత్తగారు ఫోను పెట్టేసింది. కాసేపు బాయిలరు పక్కన స్టూలు మీద కూర్చుంది. ఆ తరవాత లేచి ఇనప బీరువా తెరిచి, ఉన్న డబ్బంతా ఒక తువ్వాల్లో మూటకట్టి కోడలి చేతిలో పెట్టింది.

“మీ అమ్మకి ఇచ్చిరా. వియ్యపురాలి బాకీ నెత్తిన పెట్టుకుని నేను కోర్టు మెట్లెక్కలేను.”

కోర్టు మెట్లు అంది. అంటే అప్పటికే తెలుసు. కోడలికీ తెలిసింది. తెలిసే ఆ మూట పట్టుకుని పుట్టింటికి పరుగున వెళ్ళింది. దారి పొడుగునా భయం కన్నా అమ్మ డబ్బు గట్టెక్కిందన్న సంతోషమే ఎక్కువగా ఉండింది. ఈ సంగతి ఆమె మొగుడితో కూడా అనలేదు.

“చెప్పవా?” అన్నాడు అతను మళ్ళీ.

“దానిని అడగకు,” అంది ఆవిరమ్మ. ఆ గొంతులో ఇందాకటి వేళాకోళం లేదు.

కొడుకు వ్యాను తాళాలు తీసుకున్నాడు. వ్యాను ఎక్కడికీ వెళ్ళేది లేదని గుర్తొచ్చి మళ్ళీ మేకుకి తగిలించాడు. “వీధిలో ఏమంటున్నారో తెలుసా? ఆవిరమ్మ కూడా ఐపీ పెట్టిందిరా అంటున్నారు. అందరి డబ్బూ నొక్కేసి చేతులెత్తేసే వాళ్ళ జాబితాలో నిన్నూ కలిపేశారు. ఎలాగూ ఆ పేరు వచ్చాక ఇంకా ఈ సత్యం ఎవరికోసం?”

“పారిపోయేవాళ్ళకి ఇన్ని కాగితాలెందుకురా. బస్సు చాలదూ?”

“నువ్వు రేపు ఆ మాట అంటే మాత్రం నేను ఆ గది గుమ్మం తొక్కను.”

తలుపు దడాలున వేసి వెళ్ళిపోయాడు. అత్తాకోడళ్ళు మిగిలారు.

ఆవిరమ్మ బట్టలు చూస్తోంది, కోడలు ఆమె చేతులు చూస్తోంది. ఏళ్ళ తరబడి వేడినీళ్ళలో నానిన చేతులు. వేళ్ళ చివర చర్మం నున్నగా అరిగిపోయింది.

ఆ చేతులంటే కోడలికి మొదట్నుంచీ భయమూ అబ్బురమూ కలిసి ఉండేవి. అందుకు కారణం ఒక ఎర్రదారం.

ఈ లాండ్రీలో ఒక పద్ధతి ఉంది. బట్ట ఇచ్చిన మనిషి ఎదురుగానే దాన్ని విప్పి, అటూ ఇటూ తిప్పి, మరకేదైనా ఉంటే చూపించి దాని చుట్టూ ఎర్రదారంతో కుట్టు వేస్తారు. ఇది మీరు తెచ్చిన మరక, మా చేతిలో పడింది కాదు అని అర్థం. ఇద్దరూ చూశాక ఇంక పేచీ ఉండదు. అయితే మనిషి వెళ్ళిపోయాక మరక కనబడితే ఎర్రదారం వెయ్యకూడదు. అప్పుడది లాండ్రీదే. పోగొట్టినా పోకపోయినా లాండ్రీదే.

కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఒకసారి కోడలు కౌంటరు దగ్గర ఏమరుపాటున ఉండిపోయింది. ఎవరిదో ఖరీదైన తెల్ల శాలువా. మనిషి వెళ్ళాక చూస్తే అంచు మీద ఇంకు మరక. చుట్టూ ఎవరూ లేరు. గబగబా సూది తీసుకుని ఎర్రదారం వేసేసింది. అత్తగారు వెనకనుంచి వచ్చి శాలువా చేతిలోకి తీసుకుంది. తిట్టలేదు. పంటితో ఆ దారం పుటుక్కున తెంపి, ఒక్కొక్క కుట్టూ లాగేసింది. “దారం అబద్ధం చెబితే ఇంక దుకాణం ఎందుకమ్మాయ్,” అని శాలువా ఖరీదు గల్లాపెట్టెలోంచి తీసి పక్కన పెట్టింది. ఆ రోజు కోడలు సిగ్గుతో అన్నం తినలేదు. అత్తగారు ఆ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

పిటిషన్ రాసేటప్పుడు కూడా ఈవిడ లాయరమ్మకి చుక్కలు చూపించింది. జేబుల్లో దొరికిన వస్తువులు వేసే సీసా ఒకటి కౌంటరు మీద ఉంటుంది. గుండీలు, ఒక తాళంచెవి, ఒంటి చెవిపోగు, ఎవరిదో కట్టుడుపళ్ళ సెట్టు. దాన్ని ఏ పద్దులో రాయాలో చెప్పమంది. “ఇవి మీ ఆస్తి కాదు కదండీ,” అంది లాయరమ్మ. “కాదనే కదమ్మా అడుగుతున్నది. నావి కానివి నా దగ్గరున్నాయని ఎక్కడ రాయాలి?” లాయరమ్మ పెన్సిలు కొరుక్కుంటూ ఆలోచించి, చివరికి ఒక కొత్త వరస గీసింది. పళ్ళ సెట్టుతో సహా రాసింది.

“నువ్వేం అనవేం?” అంది ఆవిరమ్మ ఇప్పుడు.

“నేనేం అంటానత్తయ్యా.”

“అనాలి. అక్కడ ఉన్నది మీ అమ్మ.”

కోడలు నేల చూసింది. “మీరు తెలియదంటే కాదనేవాళ్ళు ఎవరూ లేరు కదా.” అంతకన్నా దగ్గరగా ఆ కోరికని నోటితో అనలేకపోయింది.

“నువ్వున్నావు.”

“నేనెందుకు అంటాను?”

“అనవు. నాకు తెలుసు అనవని.” ఆవిరమ్మ ఆఖరి చొక్కా మడతపెట్టి, దాని మీద చెయ్యి అలాగే ఉంచింది. “అదే నాకు బరువుగా ఉందమ్మాయ్. అబద్ధం నేనాడితే, దాన్ని మొయ్యాల్సింది నువ్వు. మీ అమ్మ ఇంట్లో కూర్చున్నప్పుడల్లా పైకి చూసి మొయ్యాలి. నేను పోయాక కూడా మొయ్యాలి.”

కోడలికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోపం వచ్చిందో, ఏం వచ్చిందో ఆమెకే అర్థం కాలేదు. ఈవిడ ఇంత తేలిగ్గా ఇంత పెద్ద మాట ఎలా అనగలుగుతోందా అనిపించింది.

“పొద్దున్నే మీ అమ్మ దగ్గరికి వెళ్దాం,” అంది ఆవిరమ్మ. “రిసీవరు కాగితం వెళ్ళేలోపు నా నోటితో నేను చెప్పుకోవాలి.”

* * *

నర్సమ్మ మేడ మీదే ఉంది. కోడలి తల్లిని అందరూ నర్సమ్మనే అంటారు. ఆసుపత్రి నుంచి రిటైరై ఇన్నాళ్ళయినా ఆ పేరు పోలేదు. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, పైపు పట్టుకుని, మేస్త్రీ తిప్పితిప్పి పోయిన వారం పోసిన కొత్త శ్లాబుకి నీళ్ళు పెడుతోంది. శ్లాబు మీద సిమెంటుతో సన్నటి గట్లు పోసి మడులు కట్టారు. ప్రతి మడిలోనూ నీళ్ళు నిలబడి ఆకాశం కనిపిస్తోంది. అంత నీటి మధ్య, అంత తెల్లటి వెలుతురులో తల్లి నిలబడి ఉంటే కోడలికి కాళ్ళు ముందుకి సాగలేదు.

“రండి వదినగారూ, రండి. చూసుకుని అడుగేయండి, గట్టు తెగుతుంది,” అంది నర్సమ్మ సంబరంగా. “పోయిన వానలకి నా గిన్నెలన్నీ నేల మీదే ఉండేవి. వండుకోవడానికి ఒక్కటి మిగిలేది కాదు. ఈసారి ఎంత కురుస్తుందో కురవమనండి.”

ఆవిరమ్మ మెట్ల దగ్గరే ఆగింది. “వదినగారూ, నేను మీకో అన్యాయం చెయ్యబోతున్నాను. చేసే ముందు చెబుదామని వచ్చాను.”

చెప్పింది. దాపరికం లేకుండా, లాయరమ్మ చెప్పింది చెప్పినట్టు చెప్పింది. నర్సమ్మ మొదట నవ్వు ముఖంతోనే వింది. తరవాత ఆ నవ్వు ముఖం మీద ఉండిపోయిందిగానీ కళ్ళల్లో లేదు. చేతిలో పైపు ఒకే మడిలో పోస్తోంది. మడి నిండి గట్టు మీదుగా పొర్లుతోంది.

“నా డబ్బు నాకు ఇచ్చారు. దొంగసొమ్మా అది?”

“కాదు వదినగారూ. కానీ ఆ రోజుకి అది మీ ఒక్కరిదీ కాదు. సబ్బుపొడి షావుకారుదీ, బ్యాంకుదీ, నా దగ్గర ఇస్త్రీ చేసిన ఆడవాళ్ళ జీతాలదీ. అందరిదీ కలిసి ఉంది అందులో. మీ ముందు తల వంచుకోవలసి వస్తుందని మీకు ముందు ఇచ్చాను. మర్యాద అనుకున్నాను. వాళ్ళ డబ్బుతో నా మర్యాద నిలుపుకున్నానని తరవాత తెలిసింది.”

“తరవాతే తెలిసిందా?” నర్సమ్మ సూటిగా చూసింది. “ఇచ్చిన రోజు తెలియదా మీకు, అందరికీ ఇవ్వలేరని?”

రిసీవరు అడగవలసిన ప్రశ్న ఆ మేడ మీదే ముందు పడింది.

“అందరికీ ఇవ్వలేనని తెలుసు,” అంది ఆవిరమ్మ. “ఇది తప్పు అన్నదే తరవాత తెలిసింది.”

“ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు? పలుగుతో పగలగొట్టి ముక్కలు పంచమంటారా?”

“గడువిస్తారట. కొద్దికొద్దిగా కట్టనిస్తారట. మీరు కూడా అప్పులవాళ్ళ వరసలో నిలబడితే, అందరికీ ఎంత వస్తే మీకూ అంత వస్తుందట.”

“వరసలో,” అంది నర్సమ్మ. “వియ్యపురాలు వరసలో నిలబడాలి. బాగుంది.”

అని కూతురి వైపు తిరిగింది. ఎంతమంది రోగుల ముఖాలు చదివిన కళ్ళో అవి. “ఆ రోజు నువ్వెందుకంత తొందరపెట్టావో ఇప్పుడర్థమైందే. రేపే మేస్త్రీని పిలువమ్మా, రేపే పిలువమ్మా అని నా ప్రాణం తోడేశావు. వానాకాలం ఇంకా ఎంతో దూరం ఉందంటే వినలేదు.”

“అమ్మా...”

“మాట్లాడకు.”



“నేను ఇవ్వను వదినగారూ,” అంది నర్సమ్మ. “ముప్పయ్యేళ్ళు రాత్రిడ్యూటీలు చేసిన డబ్బు అది. మీ రిసీవరుతో చెప్పుకోండి.”

“మీరు ఇవ్వననడం న్యాయమే. నేను చెప్పడం మాత్రం ఆపలేను.”

ఇంతలో నిండిన మడికి గట్టు తెగింది. నీళ్ళు జలజలా కిందికి పోసాగాయి. ఆవిరమ్మ వంగి, మూలన ఉన్న తట్టలోంచి తడి సిమెంటు గుప్పెడు తీసి, తెగిన చోట అద్ది, బొటనవేలితో నున్నగా నొక్కింది. పక్కన ఇంకో బీట కనిపిస్తే దానికీ అద్దింది. నర్సమ్మ వద్దనలేదు. పైపు అటువైపు తిప్పి పట్టుకుంది. ఆవిరమ్మ ఆ ధారలోనే చేతులు కడుక్కుంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

* * *

రిసీవరు ఆఫీసు వసారాలో ఒక బల్ల ఉంది. దాని మీద కొడుకు కూర్చుని ఉన్నాడు. రానన్న వాడు వచ్చాడు, కానీ తల్లిని చూసి లేవలేదు. ఆవిరమ్మ అతని పక్కనుంచి వెళ్తూ చొక్కా కాలరు సరిచేసి లోపలికి నడిచింది. వెనకే కోడలు.

దివాలా తీసినవాళ్ళ ఆస్తి లెక్క తేల్చి అప్పులవాళ్ళకి పంచడానికి కోర్టు పెట్టిన పెద్దమనిషి రిసీవరు. గదినిండా దస్త్రాల కట్టలు. వాటి దుమ్ముకి ఆయన ముక్కు ఎర్రబడి ఉంది. పక్కన లాయరమ్మ కూర్చుంది. కోడలు గోడవారగా నిలబడింది. గాలాడదని తలుపు తెరిచే ఉంచారు.

ఆయన పిటిషన్ తిరగేస్తూ వచ్చి ఒకచోట ఆగి, కళ్ళజోడు పైకి తోశాడు. “కట్టుడుపళ్ళు?”

“జేబులో దొరికాయండి. వాటి మనిషి ఇంకా రాలేదు.”

ఆయన ఇంకేదో అడగబోయి, అడగకుండా కాగితం తిప్పాడు. బాయిలరు, రోలరు ఇస్త్రీ యంత్రం, వ్యాను. ఒక్కొక్కటీ అడిగాడు, ఆమె చెప్పింది. ఎక్కడా తడబడలేదు.

“ఈ మూడు నెలల కిందటి చెల్లింపు. మీ వియ్యపురాలికి. అందరికీ ఇవ్వలేరని ఆ రోజు మీకు తెలుసా?”

అడుగుతూనే ఆయన కలం కాగితం మీద కదిలింది. ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఈ ప్రశ్నకి చెప్పే జవాబు ఎప్పుడూ ఒకటే గనుక, ఆయనకి అది ముందే రాసేసుకోవడం అలవాటైపోయింది.

“తెలుసండి,” అంది ఆవిరమ్మ.

కలం ఆగింది. ఆయన తలెత్తి చూశాడు. “ప్రశ్న సరిగా విన్నారా అమ్మా?”

“విన్నానండి. ఆ పొద్దున్నే హోటలువాళ్ళ పని పోయింది. ఇంక నా వల్ల కాదని నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను.”

రిసీవరు తను రాసుకున్న మాటని చూసుకున్నాడు. నెమ్మదిగా దాని మీద గీత గీసి కొట్టేశాడు. లాయరమ్మ కిటికీ వైపు ముఖం తిప్పుకుంది.

కోడలు గోడకి ఆనుకుంది. ఈ మాట పొద్దున మేడ మీద కూడా వింది. బట్ట విప్పి చూపించినట్టు చూపించేసింది ఈవిడ. ఎవరూ అడగని చోట మొదలుపెట్టి, ఎవరూ పట్టుకోలేని చోట దాకా. మనిషి ఇలా కూడా ఉండవచ్చన్న సంగతి ఎదురుగా చూస్తే తప్ప నమ్మబుద్ధి కాదు.

“డబ్బు మీరే వెళ్ళి ఇచ్చారా?”

“లేదండి. పంపించాను.”

“ఎవరి చేత?”



పొద్దుట్నుంచీ ఒక్క ప్రశ్నకీ తడుముకోని మనిషి నోరు మూసుకుంది. అరిగిన వేళ్ళు కొంగు అంచుని మడతపెడుతున్నాయి, విప్పుతున్నాయి. రిసీవరు ఓపిగ్గా చూస్తున్నాడు. అబద్ధం ఆడనూలేదు, కోడలి పేరు బయటపెట్టనూలేదు. ఆ రెండింటి మధ్య ఇరుక్కుని కూర్చుంది ఆవిరమ్మ. ఇన్నేళ్ళలో ఆమె అలా కూర్చోవడం కోడలు ఎన్నడూ చూడలేదు.

తన వల్లే. తను నోరు విప్పనందువల్లే.

“నేనండి,” అంది కోడలు గోడవారనుంచి. “నేనే తీసుకెళ్ళాను. డబ్బు తీసుకున్నది మా అమ్మే. నాకూ తెలుసు.”

“ఏం తెలుసు?”

“అందరికీ ఇవ్వలేరని. ఫోను ఎత్తింది నేనే. తెలిసే తీసుకెళ్ళాను. త్వరగా శ్లాబు వేయించుకోమని అమ్మకి చెప్పింది కూడా నేనే.”

రిసీవరు కలం కింద పెట్టేశాడు. “అమ్మా, ఇవాళ మిమ్మల్ని పిలవలేదు. మీరు చెప్పనక్కర్లేదు.”

“అందుకే చెబుతున్నానండి,” అంది కోడలు. అలా ఎందుకందో ఆమెకే తెలియదు.

ఆవిరమ్మ తల తిప్పి ఆమెను చూసింది. ఆ చూపులో మెచ్చుకోలు ఉందో, జాలి ఉందో పోల్చుకునేలోగా కోడలి కళ్ళు నీళ్ళతో మసకబారాయి.

“కాసేపు బయట కూర్చోండి,” అన్నాడు రిసీవరు మెత్తగా. “ఇది రాసుకుని మళ్ళీ పిలుస్తాను.”

కోడలు వసారాలోకి వచ్చింది. బల్ల మీద మొగుడు కూర్చున్నాడు. అతని పక్కన నర్సమ్మ కూర్చుని ఉంది.

ఎప్పుడొచ్చిందో తెలియదు. చీర అంచు తడిసి ఉంది. చేతుల మీద సిమెంటు ఎండి తెల్లగా పొరలు లేచింది. తలుపు తెరిచే ఉంది. అన్నీ విని ఉంటుంది.

“పైన నీళ్ళో అమ్మా?” అంది కోడలు.

“పక్కింటావిడకి చెప్పొచ్చాను.” నర్సమ్మ చేతుల మీది సిమెంటు గోటితో గీకుతోంది. “లోపల ఆయన ఎవరిని అడిగినా ఒకటే ప్రశ్నటగా.”

“నువ్వు వెళ్ళనక్కర్లేదమ్మా. నిన్ను పిలవలేదు.”

“నిన్నూ పిలవలేదుగా.”

నర్సమ్మ లేచింది. కూతుర్ని దాటుకుని, ఆమె ముఖం వైపు చూడకుండా లోపలికి వెళ్ళింది. ఇంతసేపూ తెరిచి ఉన్న తలుపుని లోపలినుంచి మూసేసింది.

మొగుడూ పెళ్ళాలు ఆ తలుపుకేసి చూస్తూ ఉండిపోయారు. లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆ తరవాత ఏమీ వినబడలేదు.

“మీ అమ్మ ఏమంటుందో నీకు తెలుసా?” అన్నాడు అతను చాలాసేపటికి.

“తెలియదు,” అంది కోడలు.